పులావు నాటి సంతకాలు

తండ్రి పోయిన ఏడాదికి పెట్టే పులావుకు ముందురోజు హమ్రోకుల్ తన పద్నాలుగు పచ్చి తందూరులనూ గోడవారకు జరిపించాడు. సగం ఆరిన తందూరును కదపడం వాటిని చేసే ఏ ఉస్తాకూ ఇష్టముండదు. అంచు పట్టుకుంటే అంచు ఊడి చేతికొస్తుంది, నడుము పట్టుకుంటే నడుము సొట్టపోతుంది. కింద గోనెపట్టా దూర్చి, నలుగురు నాలుగు కొసలు పట్టుకుని, బాలింత పక్కలోంచి బిడ్డను తీసినట్టు తీయాలి. అంత జాగ్రత్తలోనూ ఒకటి బీటవారింది. అయినా జరిపించాడు, నుస్రతిల్లా చెప్పాడు కాబట్టి.

"ఇంట్లో ఎంతమందిని కూర్చోబెడతావురా? దొడ్డి ఖాళీ చెయ్యి. మీ నాన్న యాభై ఏళ్ళు మట్టి తొక్కిన చోటది. ఆయన పేరు మీద పులావు అక్కడ పెట్టకపోతే ఇంకెక్కడ పెడతావు?" అన్నాడు.

నుస్రతిల్లా ఆ మొహల్లాకు పెద్ద, మూడోసారి ఎన్నికైనవాడు. బడిలో ఇద్దరిదీ ఒకే బల్ల. హమ్రోకుల్ మట్టిని పిసికి చూసిగాని కొనడు. గొర్రెబొచ్చు తడిపారేమోనని ముక్కు దగ్గర పెట్టుకుని చూసిగాని తూకం వేయనివ్వడు. స్నేహితుడి మాటను మాత్రం ఎన్నడూ తూచి చూడలేదు. యాభై ఆరేళ్ళ బతుకులో అతను తూచకుండా పుచ్చుకున్న సరుకు అదొక్కటే.

మర్గిలాన్ పాత బజారు వెనక, పిల్లకాలువకీ సందుకీ మధ్య ఉన్న ఆ జాగాను అందరూ తందూరుల దొడ్డి అనే అంటారు. మట్టి నానబెట్టే గుంట ఒక మూల, తొక్కే చదును ఒక మూల, మిగిలినదంతా ఆరబెట్టుకునే చోటు. మూడు తరాలుగా హమ్రోకుల్ వాళ్ళ చేతిలోనే ఉంది గాని పట్టా లేదు. అది మొహల్లా ఉమ్మడి జాగా. ఉమ్మడి జాగాకు పట్టా ఏమిటని తాత అడగలేదు, తండ్రి అడగలేదు, తనూ అడగలేదు.

గురువారం తెల్లవారుతుండగా నమాజు ముగించుకుని మగవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వంటవాడు సోబిర్ రెండు పెద్ద బాణలుల ముందు చేతులు మడిచి నిలబడ్డాడు. ఎర్రటి దేవ్‌జీరా బియ్యం ఆవిరి పట్టి పొంగింది. ఇద్దరికో పళ్ళెం చొప్పున, బంతి తర్వాత బంతి. కూర్చోవడం, దువా చేసుకోవడం, తినడం, లేవడం పావుగంటలో అయిపోవాలి. లేస్తే ఇంకొకరికి చోటు. పొద్దుటి పులావు మగవాళ్ళది. ఆడవాళ్ళ తంతు మరో రోజు. హమ్రోకుల్ భార్య సలోమత్ దొడ్డిని ఆనుకున్న ఇంటి వాకిట్లో ఉండి రొట్టెలూ టీ కూజాలూ తలుపు సందులోంచి అందిస్తోంది.

హమ్రోకుల్ గుమ్మం దగ్గర గుండె మీద చెయ్యి పెట్టుకుని వచ్చినవాళ్ళకు వంగుతున్నాడు. నుస్రతిల్లా ఒక అట్టకు కాగితాలు బిగించి తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఏంటిది?"

"కొత్త రూలు. పెళ్ళిళ్ళకైనా పులావులకైనా రెండొందల మంది దాటకూడదంట. ఎవరైనా తనిఖీకి వస్తే లిస్టు చూపించాలి. లేకపోతే జరిమానా నీకు, చీవాట్లు నాకు."

"పైన ఖాళీగా ఉందే?"

"అది ఆఫీసులో టైపు చేస్తారు. నా రాత నీకు తెలీదా, కోడి కెలికినట్టుంటుంది. ముందు నువ్వు పెట్టు. ఇంటాయన పెడితే మిగతావాళ్ళు మొహమాటపడరు."

హమ్రోకుల్ పెట్టాడు. పేరు, ఇంటి నంబరు, సంతకం. తర్వాత ఆ అట్ట పట్టుకుని తనే బంతి బంతికీ తిరిగాడు. "కాస్త దీనిమీద ఒక గీత గీయండి పెద్దాయనా, తనిఖీవాళ్ళ గోల" అంటూ ఒక్కొక్కరి దగ్గరా వంగాడు. చేతికి నూనె అయినవాళ్ళు తువ్వాలుకు తుడుచుకుని మరీ పెట్టారు. రిటైరైన టీచరు ఇనామ్‌జాన్ జేబులో కళ్ళజోడు కోసం తడిమి, ముందున్న పళ్ళెం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుని, గుడ్డిగా గీసేశాడు. చనిపోయినవాడి పేరు మీద పెట్టిన అన్నం ముందు కూర్చుని, ఆయన కొడుకు వంగి చాచిన కాగితాన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివే మనిషి ఆ మొహల్లాలో పుట్టలేదు.

మొత్తం నూట నలభై మూడు సంతకాలు. తనిఖీకి ఎవరూ రాలేదు.

* * *

సోమవారం పొద్దున హమ్రోకుల్ మట్టి తొక్కుతున్నాడు. పిడికెడు పిడికెడుగా గొర్రెబొచ్చు చల్లి, మడమతో నొక్కి, వేళ్ళతో లాగి, మళ్ళీ మడమ. బొచ్చు ఎక్కడా ముద్దకట్టకూడదు. ముద్దకట్టిన చోటే రేపు నిప్పు తగలగానే పెచ్చు ఊడుతుంది. తలెత్తేసరికి ఇద్దరు కుర్రాళ్ళు టేపుతో దొడ్డి కొలుస్తున్నారు. మూడో అతను బకెట్లోంచి సున్నం తీసి గీత పోస్తున్నాడు. ఆ గీత మట్టిగుంట మీదుగా పోయి, తందూరుల వరస దగ్గర వంకర తిరగకుండా, రెండు తందూరుల పొట్టల మీదుగా తెల్లగా సాగింది.

"గ్యాసు పైపు కోసమా తమ్ముడూ?" అన్నాడు హమ్రోకుల్.

"కాదు బాబాయ్, పునాదులకి. ఇక్కడ షాపులూ, పైన ఫంక్షన్ హాలూ వస్తున్నాయి."

"ఎవరు చెప్పారు?"

కుర్రాడు చేతిలో కాగితం చూసుకున్నాడు. "మీ మొహల్లా సభే తీర్మానం చేసింది కదా. మీకు తెలీదా?"

కాళ్ళకు మట్టితోనే మొహల్లా ఆఫీసుకు వెళ్ళాడు. తాళం. ఫోను మోగి మోగి ఆగిపోయింది. నుస్రతిల్లా ఇంట్లో కోడలు గుమ్మం దాటకుండానే, "మామయ్య పనిమీద వెళ్ళారు" అంది. ఏ పనో, ఎక్కడికో చెప్పలేదు.

మర్నాడు గడ్డం గీసుకుని, శుభ్రమైన చొక్కా వేసుకుని జిల్లా కార్యాలయానికి పోయాడు. భూముల విభాగంలో ఒక కుర్ర అధికారి ఉన్నాడు. మర్యాదస్తుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు, టీ పోయించాడు. తర్వాత ఒక ఫైలు తీసి తిప్పి పెట్టాడు.

పైభాగం టైపు చేసి ఉంది. ఫలానా గురువారం ఉదయం ఆరున్నర గంటలకు సదరు స్థలంలోనే మొహల్లా పౌరుల సభ జరిగింది. నూట నలభై మూడు మంది హాజరయ్యారు. ఉమ్మడి స్థలాన్ని వాణిజ్య కేంద్రానికి కేటాయించడానికి సమ్మతించారు. వ్యతిరేకించినవారు లేరు. కింద వరసగా సంతకాలు. మొదటిది తనది. రెండోది సోబిర్‌ది. తొమ్మిదోది ఇనామ్‌జాన్‌ది, గీత దాటి పక్క గడిలోకి పోయింది.

హమ్రోకుల్ ఆ కాగితాన్ని రెండుసార్లు పైనుంచి కిందికి చూశాడు. తండ్రి పేరు ఎక్కడైనా ఉందేమోనని వెతికాడు. లేదు.

"ఇది సభ కాదు. మా నాన్న పులావు" అన్నాడు.

"ఈ సంతకం మీదేనా ఉస్తా?"

"నాదే."

"బలవంతాన పెట్టించారా?"

"లేదు."

అధికారి చేతులు రెండూ బల్లమీద పెట్టాడు. ఎగతాళి చేయలేదు, కసరలేదు. ఆ మర్యాదే హమ్రోకుల్‌కు ఎక్కువ బరువైంది. కోప్పడితే తనూ కోప్పడేవాడు. కాగితాలను ఫోనులో ఫొటో తీసుకుంటానంటే తీసుకోనిచ్చాడు.

నుస్రతిల్లా ఆ సాయంత్రం దొరికాడు. దాక్కోలేదు. తన వాకిట్లో ద్రాక్షతీగకు నీళ్ళు పోస్తూ, హమ్రోకుల్‌ను చూసి గొట్టం పక్కన పడేసి, "రా, కూర్చో. వస్తావని తెలుసు" అన్నాడు.

హమ్రోకుల్ కూర్చోలేదు. "మా నాన్న పులావురా అది."

"తెలుసు. నేనూ తిన్నాను."

"తిని ఈ పని చేశావా?"

"చెప్తా విను. పైనుంచి ఆర్డరు వచ్చింది, పదిరోజుల్లో సభ పెట్టి సమ్మతి పంపమని. పంపకపోతే నన్ను తీసేసి పంపేవాణ్ణి పెడతారు. సభ పెడితే ఎవడొస్తాడు? నిరుడు చెత్తబండి గురించి సభ పెట్టాను, గుర్తుందా? ఏడుగురొచ్చారు. అందులో ఇద్దరు నా బావమరుదులు. మీ నాన్న పులావుకి నూట నలభై మంది ఆకలి లేకపోయినా వచ్చారు. ఈ మొహల్లాలో జనం గుమిగూడే చోటు అదొక్కటే, నన్నేం చెయ్యమంటావు?"

"నన్ను అడగాల్సింది."

"అడిగితే పెట్టేవాడివా?"

"పెట్టేవాణ్ణి కాదు."

"అందుకే అడగలేదు."

ఈ మాట అతను సిగ్గుపడుతూ అనలేదు, గర్వంగానూ అనలేదు. గిట్టుబాటు కాని బేరాన్ని మొదలెట్టకుండా వదిలేసిన వ్యాపారి గొంతుతో అన్నాడు. గొట్టంలోంచి నీళ్ళు పారి హమ్రోకుల్ బూట్ల కిందికి వచ్చాయి. వెనక్కి తిరిగాడు. నుస్రతిల్లా వెనకనుంచి, "నీకు అన్యాయం చెయ్యన్లేరా" అన్నాడు.

* * *

బుధవారం హమ్రోకుల్ ఒక తెల్లకాగితం మీద తన చేత్తో రాసుకున్నాడు. గురువారంనాడు మేము కలిసింది ఉస్తా తండ్రి ఏడాది పులావుకు, ఏ సభకూ కాదు. అంతే, రెండు పంక్తులు. నూట నలభై మందిలో సగం మంది పెట్టినా చాలనుకున్నాడు. పావు మంది పెట్టినా గట్టెక్కొచ్చనుకున్నాడు. పెట్టించిన చేతితోనే విడిపించుకోవడం ఎంతసేపు అనుకున్నాడు.

ముందు సోబిర్ దగ్గరికి పోయాడు. సోబిర్ బాణలి బోర్లించి ఇటుకముక్కతో మసి గీకుతున్నాడు. విషయమంతా విని గట్టిగా నవ్వాడు.

"అంటే నేను పులావే వండాననుకున్నా, పార్లమెంటు కూడా వండేశానన్నమాట."

"సంతకం పెట్టు అన్నా."

నవ్వు మెల్లగా తగ్గింది. సోబిర్ ఇటుకముక్కను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "ఏ ఇంట్లో పెళ్ళైనా చావైనా ముందు చెప్పేది నుస్రతిల్లాకి. వంటవాడెవరని వాళ్ళడిగితే ఆయన నా పేరు చెప్తాడు. రేపట్నుంచి ఇంకో పేరు చెప్తే? నాకు ఈ బాణలి తప్ప ఇంకేం చేతకాదు ఉస్తా." కళ్ళెత్తకుండా, "అయినా నీకేం నష్టం? ఒకటో నంబరు షాపు నీకేనంటగా" అన్నాడు.

"ఎవరన్నారు?"

"అందరూ అంటున్నారు."

ఇనామ్‌జాన్ టీచరు లోపలికి పిలిచి దిండు వేశాడు. కాగితాన్ని ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. ఒక అక్షరదోషం కనిపిస్తే పెన్సిల్‌తో దిద్దాడు కూడా.

"నలభై ఏళ్ళు పిల్లలకి చెప్పాను, చదవకుండా సంతకం పెట్టొద్దురా అని" అన్నాడు. "మీ నాన్న అన్నం ముందు చదవలేకపోయాను. నువ్వు వంగి నిలబడ్డావు, హమ్రోకుల్. వేరే ఎవరు తెచ్చినా చదివేవాణ్ణి."

"ఇప్పుడు చదివారుగా. పెట్టండి."

ముసలాయన కాగితాన్ని మడిచి, మడత మీద గోటితో గీసి, తిరిగిచ్చాడు. "మనవరాలికి తాష్కెంటులో కాలేజీ సీటొచ్చింది. ఫీజు మాఫీకి మొహల్లా నుంచి పత్రం కావాలి. శుక్రవారం ఇస్తానన్నాడు. శుక్రవారం దాటాక రా బాబూ." అని తల దించుకున్నాడు. శుక్రవారం దాటాక ఇంకో పత్రం అవసరం పడుతుందని ఇద్దరికీ తెలుసు. పిల్ల పుట్టినా పత్రమే, పెళ్ళాడినా పత్రమే, చలికాలం గ్యాసు సిలిండరు కావాలన్నా పత్రమే. ఆ పత్రాలన్నింటి మీదా ఒకే మనిషి ముద్ర. నుస్రతిల్లా ఎవరినీ బెదిరించలేదు. ముద్రను సొరుగులో పెట్టుకుని కూర్చున్నాడు, అంతే.

పొద్దు వాలేదాకా ఇరవైరెండు గుమ్మాలు ఎక్కాడు. కొందరు తలుపు తీయలేదు. కొందరు తీసి, టీ తాగమన్నారు. ఒకడు మాత్రం ముఖానే అనేశాడు: "మమ్మల్ని పులావు పెట్టి అమ్మేసి, ఇప్పుడు ధర చాలక మళ్ళీ తిరుగుతున్నావా ఉస్తా?" కలం పట్టించింది తనే. కాగితం మీద మొదటి పేరు తనదే. తన మీద ఎవరైనా తీర్పు చెప్పాల్సి వస్తే సాక్ష్యం అంతా అవతలి పక్షానే ఉంది.

కాగితం మీద మూడు సంతకాలయ్యాయి. ఒకటి చెవిటివాడిది, ఒకటి ఆ నెలాఖరుకు రష్యాకు కూలిపనికి పోతున్నవాడిది, ఒకటి తనది.

ఇంటికి రాగానే సలోమత్ అన్నం పెట్టింది. పక్కన కూర్చుని అతని ఫోను తీసుకుని, వేళ్ళతో బొమ్మ పెద్దది చేసి, సంతకాలను ఒక్కొక్కటే చూసింది. గురు, ఆదివారాల్లో బజారులో తందూరులు అమ్మేది ఆమె. చేసేది అతనే గాని, ఏ తందూరు ఎంత పలుకుతుందో, ఏ కొనుగోలుదారు అడ్డం తిరిగి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ వస్తాడో ఆమెకే తెలుసు. మూడు కాగితాలూ చివరిదాకా చూసి, మొదటికి వచ్చి, మళ్ళీ చూసింది.

"ఇందులో ఒక్క ఆడపేరూ లేదు" అంది.

హమ్రోకుల్ రొట్టె విరుస్తూ ఆగాడు.

"మొహల్లా సభ అంటే ఆడవాళ్ళు కూడా ఉండాలి కదండీ. చెత్తబండి సభకి మమ్మల్నీ పిలిచారు. నూట నలభై మూడు మంది మగవాళ్ళు, ఒక్క ఆడది లేదు. పొద్దున ఆరున్నరకి. ఇది సభ కాదు, పులావేనని ఈ కాగితమే చెప్తోంది."

హమ్రోకుల్ ఫోను లాక్కున్నాడు. నిజమే. రోజంతా గుమ్మం గుమ్మం తిరిగి వెతుక్కున్న సాక్షి తన జేబులోనే ఉంది. సలోమత్ ఇంకేదో చెప్పబోయింది. "తొందరపడకండి. దీన్ని ఎలా వాడుకోవాలో..." అని మొదలుపెట్టింది. అతనికి ఆ మాట చెవిన పడలేదు. మూడు రోజుల తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాడు.

* * *

గురువారం ఆఫీసు తెరవకముందే మెట్ల మీద కూర్చున్నాడు. కుర్ర అధికారి శ్రద్ధగా విన్నాడు. ఫైలు తెప్పించి, తను కూడా వేలుపెట్టి చూసుకుంటూ మూడు కాగితాలూ దిగాడు.

"మీరు చెప్పింది నిజం, ఉస్తా. ఇది లోపమే. ఇంత స్పష్టంగా ఎవరూ చూపించలేదు."

"అయితే చెల్లదుగా?"

"ఇలా పంపితే పైన ఒప్పుకోరు." ఒక పసుపు చీటీ తీసి, చక్కటి రాతతో ఏదో రాసి ఫైలుకు అంటించాడు. "లోపం సరిచెయ్యమని ఈరోజే మొహల్లాకి తిప్పి పంపుతాను."

హమ్రోకుల్ రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకున్నాడు. తిరిగి వస్తూ కొవ్వుతోక గొర్రె మాంసం కిలో కొన్నాడు. ఫైలు తిప్పి పంపడం అంటే కొట్టేయడమే అనుకున్నాడు. బజారులో నాసిరకం సరుకును తిప్పి పంపితే అమ్మినవాడు దాన్ని చెత్తకుప్పలో వెయ్యడని, కడిగి మళ్ళీ తెస్తాడని తెలిసినవాడే. ఆరోజు ఆ తెలివి పనిచేయలేదు.

ఇంట్లో జరిగింది చెబుతుంటే సలోమత్ మాంసం కోస్తున్న కత్తి ఆపింది.

"ఆఫీసులో చెప్పేశారా?"

"అంతా చెప్పాను. వేలుపెట్టి చూపించాను."

"నుస్రతిల్లా దగ్గరికి వెళ్ళకుండానే?"

"వాడితో నాకేం పని?"

ఆమె అతని ముఖంలోకి కాసేపు చూసి, మళ్ళీ మాంసం కోయసాగింది. ఆ రాత్రి పెందలాడే పడుకుంది. అలసిపోయిందనుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు వెళ్ళాడు. మసీదులో అతని పక్కన చోటు ఖాళీగా ఉండిపోయింది, నుస్రతిల్లా కూడా రాలేదు. అయినా పట్టించుకోలేదు. ఫైలు తిరిగొచ్చాక వాళ్ళే వస్తారులే అనుకున్నాడు. ఇంటికి వచ్చి సాయంత్రందాకా పనిచేశాడు. మట్టిని తొడంత లావు తాడుగా పేని, అడుగు వరస వేసి, దాని అంచు తడిపి రెండో వరస ఎక్కించి, లోపల ఒక చెయ్యి ఆనించి బయట చెక్కతో తట్టాడు. ఒక్కో వరస కాస్త గట్టిపడ్డాకే పై వరస ఎక్కాలి. తొందరపడితే కుంగుతుంది, ఆలస్యమైతే అతకదు. వారం తర్వాత చేతులు మళ్ళీ లెక్క తప్పకుండా కదిలాయి.

శనివారం పొద్దున సందులో ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. మొహల్లాలో ఆడవాళ్ళ వ్యవహారాలు చూసే ముయస్సర్, చంకలో ఫైలుతో, సోబిర్ గుమ్మం ముందు నిలబడి ఉంది. సోబిర్ భార్య పిండిచేతిని గౌనుకు తుడుచుకుని ఏదో సంతకం చేసింది. ముయస్సర్ పక్క గుమ్మానికి నడిచింది.

హమ్రోకుల్ చెక్క పడేసి సందులోకి వచ్చాడు. "ఏం పెట్టావు చెల్లీ?" అని సోబిర్ భార్యను అడిగాడు.

"గ్యాసు సిలిండర్ల లిస్టంట అన్నయ్యా."

"పైన ఏం రాసుంది?"

"పైన ఖాళీగా ఉంది."

అతను సందు పొడుగునా ముయస్సర్ వెనకాల నడిచాడు. తలుపు తీసిన ప్రతి ఆడమనిషితోనూ, "పెట్టకమ్మా, అది సిలిండర్ల లిస్టు కాదు, దొడ్డి కాగితం" అన్నాడు. ముయస్సర్ అడ్డుకోలేదు, వాదించలేదు. అతను చెప్పడం అయ్యేదాకా ఓపిగ్గా నిలబడి, తర్వాత కలం అందించింది. కొందరు తీసుకున్నారు. కొందరు తటపటాయించి, కాగితం వంక చూసి, తీసుకున్నారు. ఆరో గుమ్మంలో ఇనామ్‌జాన్ భార్య, పెద్దావిడ, చిరాకుపడింది.

"మమ్మల్ని వద్దంటావేంటి నాయనా? మొదటి సంతకం మీ ఇంటిదే కదా. మీ ఆవిడ పెట్టాకే మేం పెడుతున్నాం."

హమ్రోకుల్ ముయస్సర్ వైపు చూశాడు. ఆమె ఫైలు మూసేయలేదు, తిప్పి చూపించింది. మొదటి పంక్తి. ఇంటి నంబరు. సలోమత్ చేతిరాత, బజారు చీటీల మీద రాసే అదే గుండ్రటి రాత.

* * *

సలోమత్ వాకిట్లో తందూరు ముందు ఉంది. పత్తికట్టెలు మండి నిప్పులయ్యాయి. చేతికి గుడ్డ తొడుగు వేసుకుని, రొట్టె వెనక నీళ్ళు చిలకరించి, నడుందాకా వంగి లోపలి గోడకు అంటిస్తోంది. అతను వచ్చి నిలబడ్డాడని తెలిసినా ఆ వాయి పూర్తయ్యేదాకా తల తిప్పలేదు.

"ఎప్పుడు పెట్టావు?"

"నిన్న. మీరు నమాజుకెళ్ళినప్పుడు."

"సిలిండర్లని చెప్పిందా?"

"నాకలా చెప్పలేదు. చెప్పినా నమ్మనని దానికి తెలుసు."

అతను గోడకు చేరగిలబడ్డాడు. సలోమత్ తొడుగు తీసి మోకాలి మీద పెట్టుకుంది.

"ఆ లోపం కనిపెట్టింది నేను" అంది. "బుధవారం చెప్పబోయాను, మీరు విన్లేదు. దాన్ని నుస్రతిల్లా దగ్గరికి తీసుకెళ్ళాల్సింది. ఇది నా చేతిలో ఉంది, పైకి పంపమంటావా, సగం దొడ్డి వదులుతావా అని అడగాల్సింది. అప్పుడు దానికి ధర ఉండేది. మీరు ఆఫీసుకెళ్ళి ఊరికే ఇచ్చేసి వచ్చారు. వాళ్ళకి చిల్లు ఎక్కడుందో తెలీదు, మీరే వెళ్ళి చూపించారు. పూడ్చుకుంటారా, ఊరుకుంటారా?"

"న్యాయం అనుకున్నాను."

"నిన్న ముయస్సర్ వచ్చేసరికి మన దగ్గర అమ్మడానికి మిగిలింది ఒక్కటే. నా పేరు. అది మొదట ఉంటే మిగతా ఆడవాళ్ళు అడక్కుండా పెడతారు, మీ పేరు చూసి మగవాళ్ళు పెట్టినట్టే. ఉత్తినే పెట్టలేదు. ముందు నుస్రతిల్లాని పిలిపించాను, రాయించాను, ముద్ర వేయించాను, ఆ తర్వాతే కలం పట్టాను."

"నన్ను అడగాల్సింది సలోమత్."

"పులావునాడు ఆ అట్ట పట్టుకుని మీరు నన్ను అడిగారా? తలుపు అవతలే ఉన్నాను."

ఆమె లేచి లోపలికి వెళ్ళి, గుడ్డలో చుట్టి దాచిన కాగితం తెచ్చి ఇచ్చింది. హమ్రోకుల్ దాన్ని వెలుతురుకు పట్టుకుని, చెయ్యి దూరంగా చాచి, పెదవులు కదుపుతూ చదివాడు. దుకాణం నంబరు ఒకటి. సలోమత్ పేరున, పదేళ్ళకు. మొహల్లా ముద్ర, నుస్రతిల్లా సంతకం. కింద సన్నటి అక్షరాలు. తయారైన సరుకు మాత్రమే అమ్మవలెను. మట్టిపని, పొగ, పొయ్యి అనుమతించబడవు.

ఆ పంక్తి దగ్గర వేలు ఆగింది.

"ఇది చూడలేదా నువ్వు?"

"చూశాను."

"మట్టిపని వద్దంటున్నారు."

"కొకాండ్‌లో ఇనపవి చేస్తున్నారు, కరెంటువి. బజారులో ఈ ఏడు అవే ఎక్కువ పోతున్నాయి. తెచ్చి అమ్ముతాను."

"మరి నేను?"

సలోమత్ తందూరులోకి తొంగి చూసింది. రొట్టెల అంచులు ఎర్రబడుతున్నాయి. పట్టకారుతో ఒకదాన్ని ఊడదీసి, వెనకవైపు తట్టి చూసి, గుడ్డమీద పెట్టింది.

"రెండుసార్లు చదివానండీ" అంది, మెల్లగా. "రెండోసారి ఆ పంక్తి దగ్గర చాలాసేపు ఆగాను. చదివే పెట్టాను."

అన్ని గుమ్మాల్లోనూ, అన్ని బంతుల్లోనూ, ఆ సంతకంతో ఏం పోతుందో ముందే లెక్కగట్టి పెట్టిన మనిషి ఆమె ఒక్కతే.

హమ్రోకుల్ కాగితాన్ని తిరిగిచ్చాడు. అతని బొటనవేలు పట్టుకున్న చోట తడి మట్టి అంటింది. సలోమత్ దాన్ని చూసి, తలగుడ్డ కొసను వేలికి చుట్టుకుని, ముద్ర చెరిగిపోకుండా, ఆ మరకను కొంచెం కొంచెంగా తుడవడం మొదలుపెట్టింది.